ఏనుగు దంతము – రాజమాత ముఖము

అమెరికాదేశమున న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో ఒక చిన్న ముఖప్రతిమ కలదు. దాని యెత్తు 24 సెంటీమీటర్లకు మించదు. ఏనుగు దంతమును తొలిచి దానిని చేసిరి. అది ఒక స్త్రీ ముఖము. రెప్పలు కొంచెము వాలియుండును. పెదవులపై చిరునవ్వు లేదు, కోపమును లేదు. నొసట రెండు నిలువు చాళ్ళలో ఇనుపబద్దలు పొదిగిరి. తలచుట్టును కిరీటమువంటి యంచు ఒకటి కలదు. ఆ యంచున వరుసగా చిన్నచిన్న బొమ్మలు కానవచ్చును. మొదట గడ్డము గల యొక మనుష్యుని తల, దాని ప్రక్కన ఒక చేప, మరల గడ్డపు తల, మరల చేప. చూపరి మొదట ఆ స్త్రీ కన్నులనే చూచును. గడ్డపు తలలను చూచుటకు కొంత తడవు పట్టును. ఆ తలలు పోర్చుగీసు వర్తకులవి.

ఆ ముఖము ఇదియా యను రాజమాతది. ఆమె 16వ శతాబ్దపు తొలినాళ్ళలో బెనిన్ రాజ్యమున జీవించెను. బెనిన్ అను పేరుతో నేడు పశ్చిమాఫ్రికాలో ఒక దేశము కలదు. ఈ కథ దానిది కాదు. ఈ బెనిన్ రాజ్యము నేటి నైజీరియా దేశపు దక్షిణభాగమున, అడవుల నడుమ నుండెను. అచ్చటి ప్రజలు ఎడో జాతివారు. వారి రాజును ఓబా యందురు. బెనిన్ నగరమున నేటికిని ఓబా కలడు. అధికారము ప్రభుత్వమునకు పోయినను గౌరవము ఆయనకు మిగిలియున్నది.

ఇదియా కుమారుడు ఎసిగె. సింహాసనమునకై అతనికిని అతని సవతిసోదరునికిని పోరు కలిగెను. తల్లి యా పోరున కుమారుని పక్షమున నిలిచి మంత్రాంగము నడపెను. తరువాత ఉత్తరదిక్కున నుండిన ఇదా రాజ్యముతో యుద్ధము వచ్చినప్పుడును ఆమె సేనలను సమకూర్చి పంపెనని ఎడోవారు చెప్పుకొందురు. ఎసిగె రాజైన పిమ్మట ‘ఇయోబా’, అనగా రాజమాత, యను పదవిని క్రొత్తగా ఏర్పరచి తల్లికి ఉసెలు అనుచోట ప్రత్యేకముగ నగరు కట్టించి యిచ్చెను. ఆమె గతించిన పిమ్మట దంతముతో ఆమె ముఖమును చెక్కించెను. పండుగలనాడు ఓబా యట్టి ముఖప్రతిమను దేహమున ధరించెడివాడు.

ఆ ఇదా యుద్ధమును గుఱించి యొక కథ కలదు. ఎసిగె సేనతో బయలుదేరినప్పుడు ఒక పక్షి తలపైన ఎగురుచు, అపజయము తప్పదని కూసెనట. వెంటనున్నవారు భయపడి వెనుకకు మరలుదమనిరి. ఎసిగె ఆ పక్షిని చంపించి ముందుకు సాగెను, గెలిచెను. తిరిగివచ్చిన పిమ్మట ఇత్తడిపని వారిని పిలిచి ఆ పక్షి బొమ్మలను పోతపోయించెను. పండుగనాడు సామంతులు ఆ ఇత్తడిపక్షుల ముక్కుపై చిన్నకమ్మితో కొట్టుచు రాజు ముందర నడచుట ఆచారమయ్యెను. శకునమును చంపిన రాజు ఆ శకునపక్షినే ఇత్తడిలో నిలిపి తరతరములు మ్రోగించుట విశేషము.

ఎడో శిల్పమున జంతువు లేని చోటు అరుదు. కిరీటపు అంచుననున్న చేప అలంకారమునకై చెక్కినది కాదు. అది కొఱమీనువలె బురదలోను బ్రతుకగల చేప. నీటను నేలను రెంటను మెలగగలది గనుక, మనుష్యలోకమునకును దేవలోకమునకును నడుమనున్న రాజునకు అది గుర్తు. సముద్రముపై వచ్చిన పోర్చుగీసులను కూడ ఎడోవారు నీటిదేవత పంపిన ధనముగ భావించిరి. అందుచేతనే చేపయు గడ్డపు తలయు ఒకదాని ప్రక్క నొకటి కూర్చున్నవి. చిఱుతపులి ఓబాకే చెందిన జంతువు. రాజుకొఱకు చిఱుతలను ప్రాణములతో పట్టితెచ్చెడి వేటగాండ్ర కూటమి యొకటి యుండెడిది. ఓబాను ‘ఇంటి చిఱుత’ యని స్తుతించెడివారు. ఇక ఏనుగు బలమునకును సంపదకును చిహ్నము. రాజు నెదిరించిన యొక సామంతుడు ఏనుగుగా మారగలిగెడివాడని కథ కలదు. కొన్ని ప్రతిమలలో ఏనుగు తొండము చివర మనుష్యహస్తము చెక్కబడియుండును; ఆ హస్తము ఆకులను పట్టుకొనియుండును.

రాజ్యములో ఏనుగును చంపినవాడు ఒక దంతమును ఓబాకు సమర్పింపవలెను. రెండవ దంతమును అమ్మదలచినచో దానిని మొదట కొనెడి హక్కును ఓబాదే. అట్లు చేరిన దంతములను చెక్కుటకు ‘ఇగ్బెసాన్మ్వాన్’ అను శిల్పుల కూటమి కలదు. ఇత్తడిపోతకు వేఱొక కూటమి కలదు. గతించిన ఓబాకు పూజాపీఠమును నిర్మించునప్పుడు ఇత్తడి తల నొకదానిని పెట్టి, ఆ తల నడినెత్తిన బొమ్మలు చెక్కిన నిండుదంతమును నిలిపెడివారు. ఆ దంతముపై క్రిందినుండి మీదివరకు రాజులు, సేవకులు, చిఱుతలు, చేపలు వరుసలుగా నుండును. ఎడోవారికి అది చరిత్రగ్రంథము వంటిది. అచ్చటి అడవి యేనుగు దంతము తక్కిన దంతముకంటె గట్టిదై, నునుపుగ చెక్కుటకు అనువై యుండును.

పూర్వపు ఓబాలు ఏనుగుల రక్షకులని చెప్పుట సత్యము కాదు. వారి వేటగాండ్రు ఏనుగులను చంపిరి. వారి వర్తకులు దంతమును విదేశీయులకు అమ్మిరి. దంతమునే కాదు, మనుష్యులను కూడ అమ్మిరి. పోర్చుగీసులు 15వ శతాబ్దము చివర బెనిన్ తీరమునకు వచ్చి ‘మనీలాలు’ అను కడియముల రూపమున ఇత్తడిని తెచ్చిరి. వానికి బదులుగ మిరియములను, దంతమును, బానిసలను కొనిపోయిరి. ఆ కడియములను కరగించియే శిల్పులు తమ ఇత్తడి ఫలకములను పోతపోసిరి. 2023లో ప్రకటింపబడిన రసాయన పరిశోధన ఆ లోహము జర్మనీలోని రైను నదీప్రాంతపు ఖనిజమునుండి వచ్చినదని తేల్చినది.

19వ శతాబ్దమున ఐరోపాలో దంతమునకు గిరాకి పెరిగిన తీరు వేఱు. బెనినులో దంతము రాజుకును పూజకును ముఖ్యమైన వస్తువు. లండనులో అది పియానో మెట్టు, దువ్వెన, కత్తిపిడి, బిలియర్డు బంతి. ఒక దంతమునుండి మంచి బంతులు కొన్ని మాత్రమే వచ్చును. 1860వ దశకమున న్యూయార్కులో బిలియర్డు సామాను వ్యాపారి యొకడు, దంతమునకు బదులుగ మఱియొక పదార్థమును కనిపెట్టినవారికి పదివేల డాలర్లు బహుమానమిత్తునని ప్రకటించెను. ఆ ప్రయత్నములలో పుట్టినదే సెల్యులాయిడు. కనికరముచేత కాక, దంతము ప్రియమగుటచేత మనుష్యుడు ప్లాస్టిక్కువైపు నడచెను. ఆ కాలమున తూర్పాఫ్రికా దంతము జాంజిబారు రేవునుండి బొంబాయికిని చేరెడిది. విశాఖపట్టణపు పనివారును అంతకుముందునుండియు చెక్కపెట్టెలకు దంతపురేకులు తాపి, వానిపై తీగెలు పూవులు గీసి లక్కనింపి, కుంపిణీ దొరలకు అమ్మెడివారు. ఆ పెట్టెలు కొన్ని నేడు ఇంగ్లండు మ్యూజియములలో ఉన్నవి. అవి కొనబడినవి. బెనిన్ వస్తువుల సంగతి అట్లు కాదు.

1897వ సంవత్సరము జనవరి మాసమున, ఆ తీరమున బ్రిటిషువారి తాత్కాలిక కాన్సల్ జనరలుగ నుండిన ఫిలిప్సు అనునతడు కొందరు అధికారులతోను అనేకులైన కూలీలతోను బెనిన్ నగరమునకు బయలుదేరెను. వర్తకమునకు ఓబా అడ్డుపడుచున్నాడని వారి యభియోగము. అది పండుగసమయమనియు, ఓబా అప్పుడు పరదేశీయులను చూడడనియు దారిలో హెచ్చరికలు వచ్చినవి. ఫిలిప్సు ఆగలేదు. ఓబా అనుమతిలేకయే కొందరు సామంతులు దారిలో పొంచియుండి వారిపై బడిరి. బ్రిటిషు అధికారులలో ఇద్దరే బ్రతికి బయటపడిరి. వారి వెంట వచ్చిన ఆఫ్రికా కూలీలలో ఎందరు చచ్చిరో ఆనాటి లండను పత్రికలు అంతగా పట్టించుకొనలేదు.

మఱుసటి మాసముననే అడ్మిరల్ హ్యారీ రాసను 1,200 మంది సైనికులతో వచ్చెను. వారివద్ద మాక్సిము మరతుపాకులు కలవు. ఫిబ్రవరి 18వ తేదీన నగరము పట్టుబడెను. మూడు దినముల పిమ్మట నగరమునకు నిప్పంటుకొని రాజభవనము కాలిపోయెను. అప్పటి ఓబా ఒవొన్రామ్వెన్ అడవులలో దాగి, ఆగస్టులో లొంగిపోయెను. అతనిని కాలబారు పట్టణమునకు ప్రవాసము పంపిరి. అచ్చటనే 1914లో అతడు మరణించెను.

రాజభవనపు గదులలో సైనికులు చూచినది వారినే ఆశ్చర్యపరచెను. దుమ్ములో కప్పబడిన వందలకొలది ఇత్తడి ఫలకములు, పీఠములపై దంతములు, ఇత్తడి తలలు, చిఱుతలు, కోళ్ళు. ఇదియా దంతముఖములు ఓబా పడకటింటి పెట్టెలో దొరకినవని చెప్పుదురు. వస్తువులను దండయాత్ర ఖర్చులకని కొన్ని అమ్మిరి. తక్కినవి అధికారులు పంచుకొనిరి. రాసను రెండు దంతపు చిఱుతలను విక్టోరియా రాణికి కానుకగ పంపెను. ఒక్కొక్క చిఱుతను అయిదేసి దంతములతో కూర్చిరి. ఒంటిమచ్చలకై రాగిబిళ్ళలు పొదిగిరి. అడవిలో ఏనుగులు ఎన్నియో పడినగాని ఆ రెండు చిఱుతలు లేచి నిలువలేదు. అవి రాజకుటుంబపు సొత్తుగనే యుండి, బ్రిటిషు మ్యూజియమున ప్రదర్శింపబడినవి.

అట్టి శిల్పమును ఆఫ్రికావారు చేయగలరని ఐరోపా పండితులు మొదట నమ్మలేకపోయిరి. పోర్చుగీసులు నేర్పియుందురనిరి, ఈజిప్టునుండి వచ్చియుండుననిరి. క్రమముగ ఆ మాటలు సన్నగిల్లినవి గాని వస్తువులు మాత్రము తిరిగిపోలేదు. 2022లో సిద్ధపఱచిన యొక జాబితా ప్రకారము 131 సంస్థలలో 5,000 కు పైగా బెనిన్ వస్తువులు కలవు. ఇదియా ముఖములలో ఒకటి లండనున, ఒకటి న్యూయార్కున, ఒకటి సియాటిలున నున్నవి. దండయాత్రనాటి యొక అధికారి కుటుంబమువద్ద నుండిన మఱియొక ముఖమును 2011లో వేలము వేయుదుమని లండనులో ప్రకటించిరి. నైజీరియనులు గట్టిగ నిరసింపగా, 2010 డిసెంబరులోనే ఆ వేలమును మానుకొనిరి.

అంతకు పూర్వమే ఒక చేదు అనుభవము జరిగియుండెను. 1977లో లేగోసు నగరమున ఆఫ్రికా కళల మహోత్సవము జరిగెను. లండనులోని ఇదియా ముఖమునే ఉత్సవచిహ్నముగ ఎన్నుకొనిరి. ఉత్సవదినములకైన దానిని ఎరువు ఇండని నైజీరియా కోరెను. దంతము పెళుసైనది, ప్రయాణమునకు తాళదని బ్రిటిషు మ్యూజియమువారు నిరాకరించిరి. అప్పుడు బెనిన్ నగరపు శిల్పిచేతనే క్రొత్తప్రతిని చెక్కించిరి. అతని పూర్వులు చెక్కిన ముఖమును కన్నులార చూచు భాగ్యము ఆ శిల్పి యూరివారికి లేకపోయెను. పటములను చూచియే వారు రాజమాతను గుర్తింపవలసివచ్చెను.

1897తో ఎడో శిల్పకళ అంతరించలేదు. ఒవొన్రామ్వెన్ కుమారుడు రెండవ ఎవెకా 1914లో సింహాసనమెక్కి కూటములను మరల నిలిపెను. అతడు స్వయముగ శిల్పి. నగరమందలి ఇగున్ వీథిలో నేటికిని ఇత్తడిపోత సాగుచున్నది. మైనముతో బొమ్మచేసి, దానిపై మట్టి పూసి, కాల్చి మైనమును కరగించి, ఆ బోలులో కరగిన లోహమును పోయుదురు. మైనము పోయినచోట ఇత్తడి నిలుచును. ప్రతి బొమ్మకును క్రొత్త మూస చేయవలసినదే.

ఆ ఎడో దేశమునుండియే వచ్చిన చిత్రకారుడు విక్టర్ ఎహిఖామెనోరు. ఆయన 1970లో ఉవెస్సాన్ అను పల్లెలో జన్మించెను. 2017లో వెనిసు నగరపు అంతర్జాతీయ ప్రదర్శనమున నైజీరియా మొదటిసారి పాల్గొన్నప్పుడు, ఆయన ఇగున్ వీథినుండి చిన్న ఇత్తడి తలలను వందలకొలది తెప్పించి, వానిని అద్దములతో కలిపి పెద్ద తెరలపై కూర్చెను. పూర్వము ఐరోపా వర్తకులు అద్దములిచ్చి మనుష్యులను కొనిపోయిరి. ఆ తెర ముందు నిలిచినవానికి ఇత్తడి తలల నడుమ తన ముఖమే కానవచ్చును.

2022 ఫిబ్రవరిలో ఆయన పని లండను సెయింటు పాలు దేవాలయపు నేలమాళిగలో కనబడెను. అది దండయాత్ర జరిగి 125 సంవత్సరములు నిండిన మాసము. ఆ మాళిగలో అడ్మిరల్ రాసను స్మారకఫలకము కలదు. ఆ ఫలకము ప్రక్కనే ఎహిఖామెనోరు జపమాలల పూసలతోను బెనిన్ ఇత్తడి ముఖములతోను కూర్చిన ఓబా రూపమును నిలిపిరి. జపమాలలు పోర్చుగీసుల వెంట వచ్చిన క్రైస్తవమతమునకు గుర్తు. ఇత్తడిముఖములు ఓబా నడుమున ధరించెడివి. దానికాయన పెట్టిన పేరు ‘ఇంకను నిలిచియున్నాడు’ అని అర్థమిచ్చునది. ఊరిని కాల్చినవాని స్మారకమును తొలగింపుడని ఆయన కోరలేదు. ఓబాను తెచ్చి దాని ప్రక్కన నిలిపెను. మూడు మాసములు వారిద్దరును ఒకే మాళిగలో నుండిరి. ఆ రూపమున ఏనుగుదంతము లేదు. ఓబా రూపము దంతము లేకయే నిలుచుట పూర్వపు బెనినులో ఊహింపరాని సంగతి.

అప్పటికే వస్తువులు మెల్లగ ఇల్లు చేరనారంభించెను. 2021 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని జీససు కళాశాల, తన భోజనశాలలో వెలసిన ఇత్తడి కోడిపుంజును నైజీరియాకు అప్పగించెను. మఱునాడే అబర్డీను విశ్వవిద్యాలయము ఒక ఓబా తలను అప్పగించెను. 2022లో జర్మనీ, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ, లండనులోని హార్నిమన్ మ్యూజియము ఆ దారి పట్టినవి. 2025లో నెదర్లాండ్సు 119 వస్తువులను పంపెను. బ్రిటిషు మ్యూజియము మాత్రము 1963 నాటి చట్టము అడ్డువచ్చుచున్నదని చెప్పుచు తనవద్దనున్న 900 కు పైబడిన వస్తువులను పంపలేదు. చట్టము చేసినవారే దానిని మార్చవచ్చును గనుక ఈ సమాధానము ఎడోవారికి రుచింపలేదు.

తిరిగివచ్చినవి ఎవరివి యను ప్రశ్నయు లేచినది. 2023లో నైజీరియా అధ్యక్షుడు అవి ఓబాకు చెందునని ఆజ్ఞ వెలువరించెను. అమెరికాలో బానిసల సంతతివారు కొందరు అందుకు ముందే, 2022లో, వేఱొక మాట పలికిరి: ఆ ఇత్తడి తమ పూర్వులను అమ్మగా వచ్చిన ఇత్తడి, అమ్మినవారి వారసులకే దానిని మొత్తముగ ఇచ్చుట న్యాయమా? ఆ వస్తువులలో తమకును పాలు కలదని వారు న్యాయస్థానమునకు పోయిరి. వారి వాదము వస్తువుల ప్రయాణమును ఆపలేదు. అయినను ఆ ప్రశ్నకు తేలికయైన సమాధానము లేదు. కడియములను కరగించిన మూసలో ఆ పాపమును కరగియే యున్నది.

ఇత్తడి తిరిగివచ్చును. దంతమునిచ్చిన ఏనుగు మాట వేఱు. 1989లో అంతర్జాతీయ సమావేశము ఆఫ్రికా ఏనుగు దంతపు వర్తకమును నిషేధింప నిర్ణయించెను. ఆ యేటనే కెన్యా దేశము తన గోదాములలోని 12 టన్నుల దంతమును బహిరంగముగ తగులబెట్టెను. 2016 ఏప్రిలులో మరల 105 టన్నులను తగులబెట్టెను. అంత చేసినను దొంగవేట ఆగలేదు. 2021లో శాస్త్రజ్ఞులు అడవి యేనుగును మైదానపు ఏనుగును మొదటిసారి వేర్వేరు జాతులుగ లెక్కించి, అడవి యేనుగును అంతరించుటకు అతిసమీపమున నున్న జీవులలో చేర్చిరి. 31 సంవత్సరములలో దాని సంఖ్య నూటికి 86 పాళ్ళకు పైగా తగ్గినదని వారి అంచనా. అడవి యేనుగు మెల్లగ పెరుగును. ఆడయేనుగు మొదటి పిల్లను కనుటకు ఇరువదేండ్లు దాటును. ఆపై అయిదారేండ్ల కొక్క పిల్ల. ఒక రాత్రిలో వేటగాడు చేసిన లోటును పూడ్చుటకు ఏండ్లు పూండ్లు పట్టును.

అడవికిని అది నష్టమే. ఏనుగు పండ్లను తిని గింజలను క్రోసుల దూరము మోసికొనిపోయి పేడతో విడుచును. కొన్ని మహావృక్షముల గింజలను మ్రింగగల జంతువు మఱియొకటి లేదు.

బెనిన్ నగరమునకు పడమట ఓకోము అను జాతీయవనము కలదు. చుట్టును రబ్బరు తోటలు, తాటినూనె తోటలు; నడుమ సుమారు 200 చదరపు కిలోమీటర్ల యడవి. పూర్వము బెనిన్ రాజ్యమంతటను వ్యాపించిన మహారణ్యములో మిగిలిన తునుకలలో అది యొకటి. అందు అడవి యేనుగులు ఇంకను కొద్దిగ నున్నవి. నైజీరియా దేశమంతటను కలిపినను ఏనుగులు కొన్ని వందలే. ఓకోములో వానిని చూచుట కష్టము. వనరక్షకులు బురదలోని అడుగుజాడలను, విరిగిన కొమ్మలను, పేడను చూచి, మంద ఎచ్చటికి పోయినదో, పిల్ల యేదైన వెంట నున్నదో గుర్తింతురు. బెనిన్ నగరమునుండి పోవువారికి ఆ వనము కొద్దిగంటల దారి. న్యూయార్కులోని ఇదియా ముఖమును చూడవలెనన్నచో మాత్రము ఆ నగరవాసి సముద్రము దాటవలెను.